విద్యార్థులును గ్రంథపాలకులును



ఈ దినములలో మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో నేదైన నొకదానికి పోయి చూడుడు. చదువుగదిలో కుర్చీ దొరకదు. తెల్లవాఱుసరికే విద్యార్థులు వచ్చి, బల్లలపై సంచులుంచి, తమ తమ తావులు పట్టుకొందురు. రాత్రి దీపము లార్పువఱకును కదలరు. గ్రంథాలయము కళకళలాడుచున్నదని సంతసించి, ఒక్కయడుగు ముందునకు వేసి, వారి ముందున్న పుస్తకములేవో చూడుడు. అవి గ్రంథాలయమువి కావు. ఇంటినుండి తెచ్చుకొన్న పోటీపరీక్షల ప్రశ్నోత్తర సంపుటములు. కొందఱి ముందు చేతిఫోనులు. గోడ కావలి ప్రక్కను బీరువాలలో, అఱలలో, వేలకొలది లక్షలకొలది గ్రంథములు ధూళి కప్పుకొని యుండును. గది నిండియున్నది, గ్రంథాలయము మాత్రము ఖాళీగా నున్నది.

దీనికి విద్యార్థులను నిందించువారు పెక్కురు గలరు. నేను వారిలో జేరను. వసతిగృహమున నొకగదిలో నలుగురైదుగురుండు పిల్లలకు నిశ్శబ్దమైన చోటు, గాలి, వెలుతురు, ఒక బల్ల దొరకుటయే గొప్ప. ఉద్యోగము వారికి ప్రాణావసరము. వారట్లు వచ్చి కూర్చుండుట మంచిదే. కాని ప్రజల ధనముతో తరతరములుగా కూర్చిన గ్రంథరాశి యొకవంక, దానికి పదియడుగుల దూరములో దాని నెఱుగని చదువరి యొకవంక నుండుట ఉపేక్షింపదగినది కాదు. వాడుకలేని పుస్తకములకు ద్రవ్యమేల యని లెక్కలు వ్రాయువారు నేడో రేపో యడుగుదురు. పలుచోట్ల నడుగుచునే యున్నారు. మొదట క్రొత్తపుస్తకముల పద్దు తగ్గును. పిమ్మట గ్రంథపాలకుడు ఉద్యోగము విరమించినచో నాస్థానమున మఱియొకరిని నియమింపరు. తుదకు చదువుగది మాత్రము మిగిల్చి తక్కినదానికి తాళము వేయుదురు. మన తెలుగు గ్రంథములలో మరల నచ్చుపడనివి యెన్నియో యున్నవి. అవి చెదలపాలైనచో డబ్బుపెట్టినను దొరకవు.

గ్రంథాలయమునకు ప్రచారము చేయవలెననగానే మనవారు చేయు పని యొకటి కలదు. ఏటేట నవంబరు 14వ తేదీ మొదలు 20వ తేదీ వఱకు గ్రంథాలయ వారోత్సవములు వచ్చును. ద్వారమునకు ఫ్లెక్సీ కట్టుదురు. రంగనాథన్‌గారి పటమునకు పూలదండ వేయుదురు. వ్యాసరచనలో పోటీ పెట్టి, గెలిచిన వారికి బహుమతి యిచ్చి, ఛాయాచిత్రము తీయించుకొందురు. 21వ తేదీనాడు ఫ్లెక్సీ విప్పి మడిచి మూల బెట్టుదురు. ఆ వారములో నెన్ని పుస్తకములు అఱనుండి కదలినవని యడిగినవారిని నేను చూడలేదు.

నేను ప్రచారమను మాటను వేఱొక యర్థమున వాడుచున్నాను. ప్రచరించుట యనగా సంచరించుట. పుస్తకము అఱ విడిచి చేతినుండి చేతికి సంచరింపవలెను. ఈ పనిని గ్రంథపాలకు డొక్కడు చేయజాలడు. విద్యార్థులు తమంత తామును చేయజాలరు. ఆతడు పుస్తకమెచ్చట నున్నదో ఎఱుగును గాని, మూడవ వసతిగృహమున రెండవ సంవత్సరము చదువుచున్న పిల్లవానికి ఏమి కావలయునో యెఱుగడు. తోడి విద్యార్థికి పిల్లవాని మనసు తెలియును; పుస్తకమున్న చోటు తెలియదు. ఈ యిద్దఱును కలిసి పనిచేసినప్పుడే యేమైన జరుగును. ఇట్లు జరిగినచోట నేను చూచినది, పరదేశమున జరిగినది విన్నదియు నేడు మనవి చేసెదను.

ముందుగా మా సంప్రదాయమును గుఱించి ఒక మాట. నేను ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివి, ముప్పదియేండ్లు పల్లెటూరి ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పినవాడను. పండితులయిండ్లలో పుస్తకమును పూజాద్రవ్యమువలె కాపాడుదురు. తాటియాకు వ్రాసిన లేఖకుడు తుదిని, నడుము వంచి మెడ వంచి యెంతో ప్రయాసతో దీనిని వ్రాసితిని, నూనె తగులనీయకుడు, నీరు సోకనీయకుడు, అవివేకి చేతికీయకుడు అను భావముతో విన్నపము చేయుట వాడుక. పరులచేత బడిన పుస్తకము పోయిన పుస్తకమే యనుటయు మనలో నానుడి. మా గురువుగారు తమ భోషాణమునుండి ఒక పుస్తకమిచ్చుటకు ముందు చేతులు కడిగించెడివారు. ఒక ప్రతి వ్రాయుటకు నెలలు పట్టిన కాలమున నా జాగ్రత్త తగినదే. అచ్చుయంత్రము వచ్చి రెండువందలేండ్లు దాటినను ఆ భోషాణపు బుద్ధి మన గ్రంథాలయములను విడువలేదు.

దానిని విడిపింప బూనినవారిలో అగ్రగణ్యుడు రంగనాథన్. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తొలి గ్రంథపాలకుడుగా నియుక్తుడయ్యెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలయువఱకు మన సర్కారు జిల్లాల విద్యార్థులకును విశ్వవిద్యాలయమనగా మద్రాసుదే. తొలిదినములలో నాయనకు పని తోచక, మనుష్యుడు రాని ఆ గదిలో కూర్చుండలేక, తిరిగి గణితమునకే వచ్చెదనని కళాశాలాధ్యక్షునితో మొఱపెట్టుకొనెను. లండను పోయి చూచివచ్చిన పిదప నిశ్చయించుకొమ్మని యాయన చెప్పెనట. ఇంగ్లండులో గ్రంథాలయములలో కూలివాండ్రు, గృహిణులు, బాలురు వచ్చి పుస్తకములు తీసికొనిపోవుట చూచిన రంగనాథన్ మఱల గణితమువంక చూడలేదు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రములు నేడు లోకమెల్ల నెఱుగును. పుస్తకము లున్నది వాడుకకు. ప్రతి చదువరికిని తన పుస్తకము దొరకవలెను. ప్రతి పుస్తకమునకును తన చదువరి దొరకవలెను. చదువరి కాలము వృథా చేయరాదు. గ్రంథాలయము పెరుగునట్టి ప్రాణి. ఇవి వాని తాత్పర్యములు. వీనిలో మూడవది నాకు మిక్కిలి యిష్టము. చదువరి పుస్తకమును వెదకుట యందఱెఱిగినదే. పుస్తకమునకును చదువరిని వెదకిపెట్టవలెననుట కొత్తమాట.

మన ఆంధ్రదేశమున గ్రంథాలయములను నిలిపినవారు చాలవఱకు యువకులే యని మఱవరాదు. వేటపాలెము సారస్వతనికేతనము 1918లో ఒక యువజనసంఘమువారి గ్రంథాలయముగా మొదలైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి పడవపై పుస్తకములు పెట్టించి కృష్ణ కాలువ గట్టుల వెంబడి పల్లెలకు పంపిరి. చదువరి రానిచో పుస్తకమే పోయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమునకు చిరకాలము అధికారిగా నుండిన అబ్బూరి రామకృష్ణారావుగారు కవి, నాటకప్రయోక్త. 1935లోనే అచ్చట గ్రంథాలయశాస్త్రబోధన ప్రారంభమైనది. కవియు నాటకములాడించువాడును నగు మనుష్యుని గ్రంథపాలకునిగా నియమించుట నాకు గొప్ప వివేకముగా దోచును. పదిమందిని చేరదీయుట యెఱిగినవాడు ఆ యాసనమున కూర్చుండవలెను.

ఇక నేను చూచినదానికి వచ్చెదను. ఉద్యోగవిరమణానంతరము మా యూరికి బస్సుమీద గంటసేపు ప్రయాణములో నున్న యొక విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు వారమునకు రెండుదినములు పోవుచున్నాను. దాని పేరు చెప్పను. చెప్పినచో పొగడితినని కొందఱు, తెగడితినని కొందఱు అనుకొందురు. అచ్చటి గ్రంథపాలకురాలు ఏబదియేండ్లకు దగ్గఱనున్న సోదరి. ఆమె క్రింద పూర్వమున్న సిబ్బందిలో నేడు సగముకూడ లేరు.

ఒకనాడు నేను తెలుగు విభాగమున నిలిచి యుండగా నొక బాలిక వచ్చి, నన్నచ్చటి ఉద్యోగియని తలచి కాబోలు, "మాస్టారూ, ఈ పుస్తకాలు మేం ముట్టుకోవచ్చాండీ?" అని యడిగినది. వృక్షశాస్త్రమున ఎమ్మెస్సీ చదువుచున్న పిల్ల. వారింట విశ్వవిద్యాలయమునకు వచ్చినవారిలో నామెయే మొదటిది. చేరి ఏడు నెలలైనది. నేనామెను గ్రంథపాలకురాలి యొద్దకు తోడ్కొనిపోయితిని. ఆమె కోపపడలేదు, నవ్వలేదు. "మీ హాస్టల్లో నీలాగే అనుకునేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారమ్మా?" అని యడిగినది. "అందరూనండీ" అని ఆ పిల్ల సమాధానము.

అచ్చట మొదలైనది పని. విద్యార్థులు చేరిన క్రొత్తలో వారిని వరుసగా నడిపించి గ్రంథాలయము చూపుట యెల్లయెడల నున్న యాచారమే. కాని ఆ చూపువారు కాల్ నంబరనియు, ఓపాక్ అనియు, యాక్సెషన్ అనియు పలికినచో పల్లెనుండి వచ్చిన పిల్లవాడు తలయూపి వెడలిపోవును, మరల రాడు. ఈమాఱు గ్రంథపాలకురాలు ఆ పనిని రెండవ సంవత్సర విద్యార్థులకు అప్పగించి, ముందుగా వారికి పది దినములు నేర్పినది. వారు కాల్ నంబరునకు 'పుస్తకము ఇంటిచిరునామా' యని పేరు పెట్టిరి. నాకీ మాట బాగుగా నున్నది. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశపద్ధతిలో ఊరు, వీధి, ఇల్లు అన్నట్లే సంఖ్యలు సాగును. 500 అనగా శాస్త్రములు, అందు 510 గణితము, 580 వృక్షశాస్త్రము, 630 వ్యవసాయము, 800 సాహిత్యము, అందు మన తెలుగు సాహిత్యమునకు 894.827. ఇంత పొడుగు చిరునామా యేలయని యొక విద్యార్థి నన్నడిగినాడు. అమెరికావాడు వేసిన పటములో మన వీధి యట్లు మూలకు బడినదని చెప్పితిని. దీని నంతయు ఒక్క పుటలో తెలుగున వ్రాసి, ప్రతులు తీసి, ప్రతి వసతిగృహమునను అంటించిరి.

రెండవపని యింతకంటె గొప్పది. గ్రంథాలయమున కంప్యూటరు వచ్చిన నాటినుండి ఒక్కమాఱైనను ఎవరును తీసికొనని పుస్తకముల పట్టికను గ్రంథపాలకురాలు తీయించినది. ఆ పట్టిక యెంత పొడుగో చెప్పి ఆ గ్రంథాలయమును చిన్నబుచ్చను. పదిపన్నెండుగురు విద్యార్థులు రెండు శనివారములు కూర్చుండి వానిలో కొన్నింటిని అఱలనుండి దింపి, దుమ్ము దులిపి, వెనుక నంటించిన గడువుచీటిని చూచిరి. ఒకదానిపై తుది ముద్ర 1979. ఒకదానిలో పుటల మడతలే కోయలేదు. అనగా నచ్చుపడిన నాటినుండి ఆ పుటలను మనుష్యుడు చూడలేదన్నమాట. మా వృక్షశాస్త్ర బాలిక యొక పుస్తకము పట్టుకొని నా యొద్దకు పరుగున వచ్చినది. అది విజ్ఞానచంద్రికా మండలివారు ప్రకటించిన శాస్త్రగ్రంథము. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున స్థాపించిన ఆ మండలి, చరిత్రలతోబాటు భౌతిక రసాయన జీవశాస్త్రములను గూడ తెలుగున వ్రాయించినది. "మాస్టారూ, వందేళ్ల కిందటే ఇవన్నీ తెలుగులో రాశారా? మాకెవరూ చెప్పలేదేమండీ!" అని యా పిల్ల యడిగినది. చెప్పవలసినవారు తెలుగువారా శాస్త్రమువారా యను తగవులో ఆ పుస్తకము రెండు శాఖలకును కాకుండ పోయినదని నా యూహ.

ఇట్లు దింపిన పుస్తకములలో నలుబదింటిని ఏర్చి, చదువుగది ద్వారముకడ, వచ్చిపోవువారి భుజము తగులునంత దగ్గఱగా నొక అఱలో నుంచిరి. ప్రతి పుస్తకమునకును ఒక విద్యార్థి చేవ్రాతతో చిన్నచీటి. గ్రంథపాలకురాలు ఒక్క నియమము పెట్టినది: తాను రెండు ప్రకరణములైనను చదువనిదే యెవరును చీటి వ్రాయరాదు. ఆ నియమమువలన చీటీలలో 'అత్యద్భుతము' 'తప్పక చదువవలసినది' యను పొల్లుమాటలు రాలేదు. ఒకడిట్లు వ్రాసినాడు: ఈ పుస్తకము నాకు సగమే యర్థమైనది, తక్కిన సగము అర్థమైనవారు నాకు చెప్పగలరు. దానిక్రింద తన గది సంఖ్య వేసినాడు. ఇద్దఱు పోయి చెప్పినారని తరువాత విన్నాను. చీటీలలో వర్ణక్రమదోషములు లేకపోలేదు. వానిని దిద్దుట నా వంతైనది. ఒత్తులు, దీర్ఘములు దిద్దితిని గాని వాక్యమును ముట్టలేదు.

మూడువారములలో ఆ అఱ రెండుమాఱులు ఖాళీయైనది, మరల నింపిరి. తీసికొనిపోయిన వెల్ల చదివిరనను. ఒక తత్త్వగ్రంథము పోయిన మూడవనాటికే తిరిగివచ్చి, నేటికిని అచ్చటనే యున్నది. అయినను ముద్రపడినది గదా.

ఇక పరదేశపు మాట. జపాను దేశమున క్యోటో విశ్వవిద్యాలయములో 2007లో తనిగుచి తదహిరో యను పరిశోధకుడు ఒక వినోదమును కల్పించెను. తమ అధ్యయనగోష్ఠిలో ఏ పుస్తకమును చదువవలెనో తేల్చుకొనుటకై యేర్పఱచుకొన్న పద్ధతి యది. దానిని 'బిబ్లియోబాటిల్' అందురు; పుస్తకముల పోరని చెప్పవచ్చును. నియమములు బహుస్వల్పములు. ప్రతివక్తయు తాను చదివి మెచ్చిన పుస్తకమొకటి తెచ్చును. అయిదు నిమిషములు మాత్రమే దానిని గుఱించి పలుకును. ముందుగా వ్రాసి తెచ్చిన పత్రములు పంచుట లేదు. పిమ్మట రెండుమూడు నిమిషములు సభవారు ప్రశ్నలడుగుదురు. అందఱును మాటాడిన పిదప సభలోని ప్రతివారును ఓటు వేయుదురు. ఎవడు బాగుగా మాటాడెననికాదు. ఏ పుస్తకమును చదువవలెనని మీకు ఎక్కువగా తోచినదని. గెలుచునది పుస్తకమే, వక్త కాదు. నేడది జపానులో పెక్కు విశ్వవిద్యాలయములకును, పాఠశాలలకును, పౌరగ్రంథాలయములకును వ్యాపించినది. ఆ దేశపు విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో మఱియొక వాడుకయు కలదు. విద్యార్థులు గ్రంథపాలకునితో గూడి పుస్తకముల యంగడికి పోయి, తోడివారికి పనికివచ్చునని తోచిన పుస్తకములను తామే యేఱుదురు. గ్రంథాలయము వానిని కొనును. ఏఱినవారే చీటి వ్రాసి ముందు పెట్టుదురు.

అష్టావధానములు చూచి పెరిగిన నాకీ పోరు వింతగా దోచలేదు. పరీక్ష, కాలనియమము, సభ, చమత్కారము, అన్నియు మనకు తెలిసినవే. భేద మొక్కటే: అవధానమున సభ యవధానిని మెచ్చి యింటికి పోవును, ఇచ్చట సభ పుస్తకము నడిగి తీసికొనిపోవును. గ్రంథపాలకురాలు దీనిని విని, మా విద్యార్థులతో శుక్రవారపు సాయంకాలములలో మొదలుపెట్టినది. గడియారము పట్టుట నా పని.

మొదటి గోష్ఠి యంతగా రక్తికట్టలేదు. వచ్చినవారు పదునెనిమిదిమంది, వారిలో నలుగురు వక్తలే. ఒక యువకుడు ఇంగ్లీషున నొక వ్యాపారగ్రంథమును గుఱించి తడబాటులేకుండ చెప్పినాడు. ధనమెట్లు సంపాదింపవలెననునది విషయము. పిదప రసాయనశాస్త్రము చదువు పిల్లవాడొకడు వణకుచు లేచినాడు. వాని చేతిలో సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడి, 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానము తెచ్చిన గ్రంథము. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు చెప్పునేమో యనుకొంటిని. వాడట్లు చెప్పలేదు. "మా తాత ఆడిన ఆటలు ఇందులో ఉన్నాయి. మా నాయనమ్మ వండే వంటలు ఉన్నాయి. మేమూ చరిత్రలో ఉన్నామని నాకు ఈ పుస్తకం చదివేదాకా తెలియదు" అన్నాడు. అయిదు నిమిషములకు ఇంకను కొంత మిగిలియుండగానే మాట నిలిపినాడు. ప్రశ్నలు మాత్రము ఆగలేదు. మా సీమ ఉన్నదా, మా కులపువారి పని ఉన్నదా, కోడిపందెములున్నవా యని పిల్లలు వాని నుక్కిరిబిక్కిరి చేసినారు. ఓట్లలో నా పుస్తకమే గెలిచినది. ఓడిన వ్యాపారయువకుడే దానిని మొదట కావలెనన్నాడు.

మఱునాడు తొమ్మండుగురు వచ్చి యడిగిరి. గ్రంథాలయమున నున్నవి రెండు ప్రతులు. వరుసపట్టిక వ్రాసి, గడువు పదునైదు దినములనుండి ఏడు దినములకు తగ్గించి, మఱి మూడు ప్రతులు కొనుటకు గ్రంథపాలకురాలు వ్రాసినది. పుస్తకముల కొనుగోలునకు ఇట్టి కారణము తన యుద్యోగమున తఱుచు దొరకదని యామె నాతో చెప్పినది. కావ్యములను ఓట్లకు పెట్టుట అపచారమని మా పండితమిత్రు డొకడు నాపై కోపించినాడు. కావ్యమునకు విలువ కట్టుట యిచ్చట జరుగుటలేదు. ఎవరికి ఆకలి యున్నదో తెలిసికొనుట జరుగుచున్నది. ఆయన యింకను సమాధానపడలేదు. వచ్చు నెలలో 'మనుచరిత్ర' పట్టుకొని మాటాడ రమ్మని పిలిచితిమి. అయిదు నిమిషములు చాలవని బేరమాడుచున్నాడు.

ఇట్టి పనులకు అడ్డువచ్చునది విద్యార్థుల యనాసక్తి యని లోకము తలచును. నాకట్లు తోచలేదు. పెద్ద యడ్డు గ్రంథపాలకుల భయము. పుస్తకములను అందుబాటులో నుంచినచో పోవును. పోయినచో లెక్కతనిఖీనాడు తన జీతమునుండి తీయుదురు. ఈ వెఱపువలననే పెక్కుచోట్ల బీరువాలకు తాళములు పడినవి. కాని కేంద్రప్రభుత్వపు ఆర్థికనియమావళిలోనే దీనికి విడుదల కలదు. 2005 నాటి నియమములలోను, 2017 నాటి నియమములలోను ఒకమాట స్పష్టముగా నున్నది: సంవత్సరములో వాడుకకు వచ్చిన ప్రతి వేయి పుస్తకములకు అయిదు పోయినచో, మోసముగాని అశ్రద్ధగాని లేనియెడల, దానిని సహజనష్టముగా నెంచవచ్చును. వేయి రూపాయల వెల దాటినవానిని, అపూర్వగ్రంథములను గుఱించి మాత్రము విచారణ తప్పదు. ఈ యంశమును తమ పాలకవర్గమువారిచేత వ్రాతమూలముగా నంగీకరింపజేసికొన్న గ్రంథపాలకుడు సుఖముగా నిద్రపోవచ్చును. ఇంకొక చిత్రమైన సంగతి గమనించితిని. విద్యార్థులు తామే యేర్చి చీటి వ్రాసిన అఱనుండి పుస్తకము పోవుట యరుదు. ఒకటి కనబడనిచో వారే వసతిగృహములలో తలుపు తట్టి యడుగుదురు.

మఱియొక హెచ్చరిక పాలకవర్గములకు చేయవలసియున్నది. విద్యార్థులు ముచ్చటపడి పని చేయుచున్నారు గదా, ఇక ఉద్యోగులేల యని ఖాళీ స్థానములను అట్లే యుంచుటకు ఇది సాకు కారాదు. వర్గీకరణము, సూచి, శిథిలగ్రంథముల రక్షణము శిక్షణ పొందినవారి పనులు. ఎమ్మెస్సీ పిల్ల తన ప్రయోగశాల మాని పుస్తకములకు సంఖ్యలు వేయుచు కూర్చుండరాదు. మా గ్రంథపాలకురాలు ఈ విషయమున గట్టిది. వారమునకు రెండుగంటలకు మించి యే విద్యార్థిని పనిచేయనీయదు. పరీక్షల నెలలో రానేరానీయదు. ఇంటివద్ద నిబ్బందిగానున్న పిల్లలకు ఈ పనికి కొంత భృతి యిప్పింపవలెనని యామె వ్రాసిన కాగితము పైవారి బల్లమీద నున్నది. అది సాధ్యమే. నేర్చుకొనుచు సంపాదించుట యను పద్ధతి కొన్ని విద్యాలయములలో నున్నదే.

ఇందులో నింకొక చిక్కున్నది. విద్యార్థి రెండేండ్లుండును, పోవును. వానితోబాటు వాడు నేర్చిన దంతయు పోవును. గ్రంథపాలకురాలు మిగులును; ఏటేట మొదటినుండి మొదలు పెట్టవలసివచ్చును. అందుకై వారొక పెద్ద నోటుపుస్తకము పెట్టిరి. గోష్ఠిలో నేయే పుస్తకములు వచ్చినవో, ఏ చీటి పని చేసినదో, ఏ వసతిగృహమున నెవరిని పలుకరింపవలెనో, ఏ నెలలో ఎవరును రారో అన్నియు అందు వ్రాయుదురు. పోవువారు రాబోవువారికి దానిని చదివి వినిపించి, సంతకము చేసి యప్పగింతురు. మా వృక్షశాస్త్ర బాలిక మొన్న వేసవిలో చదువు ముగించుకొని పోయినది. పోవుచు తాను వ్రాసిన పుటలో ఇట్లున్నది: తెలుగు శాస్త్రగ్రంథములు 580 అఱలో కొన్ని, 894.827 అఱలో కొన్ని తప్పుగా కలిసియున్నవి. మూడు బీరువాలు చూచితిని, ఇంక నాలుగు మిగిలియున్నవి. క్రింది అఱలకు చీపురుపుల్లల బ్రష్షు తెచ్చుకొనుడు, తడిగుడ్డ వాడవలదు.

ఆ నాలుగు బీరువాలలో రెండింటిని క్రొత్తవారు ఈ నెలలో తెఱచినారు.